ఆఖరి డబ్బాకు ముత్యపు రంగు

కంప్యూటరు డబ్బాలకు రంగులేయడం కూడా ఒక పనేనా అని అడిగినవాళ్లు కామమ్మ చేత తిట్లు తిని పోయారు. ఆమె కొడుకు శివశంకర్ పులికాటు ఒడ్డున పడవలకు రంగులేసిన చేత్తో, ఇంటి వెనకగదిలో ఆ ఇనుప డబ్బాలకు ముత్యపు రంగు ఎక్కించేవాడు. నలుపు మీద ముత్యపు పొడి కలిపిన రంగును కంప్రెసర్ గాలితో పలచగా, పొర మీద పొర కొట్టేవాడు. ఇటునుంచి చూస్తే నీలం, అటునుంచి చూస్తే గులాబీ! కామమ్మ చూసి మురిసిపోయేది.

ఆ గదే కొంప ముంచింది. ఇసుక పడుతుందని కిటికీలు బిడాయించుకుని, ముక్కుకు తడి తువ్వాలు చుట్టుకుని కొట్టేవాడు. పడవల దగ్గర అందరూ చేసేది అదే కదా! అక్కడ సముద్రపు గాలి ఉంది, ఇక్కడేముంది? ఆ పొగంతా ఊపిరితిత్తుల్లోకే పోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇంకొక్కసారి ఆ రంగు పొగ పీలిస్తే మనిషి దక్కడని నెల్లూరు డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

అప్పటికే ముత్యపు రంగు పూర్తయిన డబ్బా ఒకటి గదిలో ఉండిపోయింది. పైన మెరుపుకు రంగులేని క్లియర్ కోటు వేయాలి. గూడూరులో కార్లకు రంగులేసే కిషోర్ బాబు వచ్చి వేస్తానన్నాడు.

"ఇదే ఆఖరిదిమా. నేను తాకను" అన్నాడు శివశంకర్. కామమ్మ ప్రాణం కుదుటపడింది.

కిషోర్ బాబు వచ్చే రోజు పొద్దున ఆమె గది ఊడ్చింది. డబ్బా మీద ఉప్పు పేరుకుని ఉంది. ఆ ఒడ్డున ఇనుము ఏదైనా అంతే, కత్తిపీట మొదలు తక్కెడ దాకా రోజూ తుడుచుకోవాల్సిందే. నీళ్లు తగిలితే తుప్పు పడుతుందేమోనని భయపడింది. రంగు వేసేముందు కొడుకు ఉత్త ఇనుమును థిన్నరుతో తుడవడం ఆమె చూసిందే. గుడ్డ మీద థిన్నరు పోసి గట్టిగా రుద్దింది.

ముత్యపు రంగంతా గుడ్డకు వచ్చేసింది.

"అయ్యయ్యో! పాపిష్టిదాన్ని, ఎంత పని చేసినాను!"

శివశంకర్ గోడ పట్టుకుని వచ్చి చూశాడు.

"తిట్టరా, నోరు తెరిచి తిట్టు!"

"నిన్నేమనేదిమా? ఉప్పు తుడిచినావు, అంతేగదా."

"కిషోర్‌నే మళ్లీ వెయ్యమందాం అబ్బయా."

"క్లియర్ ఎవురైనా కొడతారు. ఈ తళుకు వాడికి రాదు. నా పేరు మీద పొయ్యే ఆఖరి డబ్బా, ఇట్టా పంపేదా?"

ఎంత మొండి మనిషి! తల్లిని మెల్లగా బయటికి నెట్టి గడియ పెట్టుకున్నాడు. లోపల కంప్రెసర్ మోత మొదలైంది.

"తలుపు తియ్యి నాయనా! నీ కాళ్లు పట్టుకుంటా!" అరిచి అరిచి ఆమె గొంతు పోయింది. చివరికి పరుగున పోయి ఫ్యూజు పీకేసింది. మోత ఆగింది. హమ్మయ్య అనుకుంది.

తలుపుకు చెవి ఆనించింది. దగ్గు వినిపించింది. దగ్గు ఆగగానే మళ్లీ బుస్సుమంటూ రంగు కొడుతున్న చప్పుడు. కరెంటు పోయినా కంప్రెసర్ ట్యాంకులో ఎక్కిన గాలి ఇంకా చాలా ఉంది.