తరగని డబ్బా

ఆ రోజుల్లో మనిషి బలం డబ్బాలో దొరుకుతుందని నేను గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పటి పిల్లలూ నమ్ముతున్నారు. కాకపోతే వాళ్ళ డబ్బాలు పెద్దవి, వాటి మీద చదువుకోవాల్సింది చాలా ఉంటుంది: పాలదా, సోయాదా, బఠాణీదా, కండ పెరగడానికా, కొవ్వు కరగడానికా అని. నా డబ్బా మీద బొద్దుగా ఉన్న ఒక పిల్లాడి బొమ్మ తప్ప ఏమీ లేదు. అయినా ఆ డబ్బా నన్ను భయపెట్టినంతగా అడవిలో ఉన్న కమ్యూనిస్టులు కూడా భయపెట్టలేదు. (నిజం చెప్పాలంటే వాళ్ళను నేనెప్పుడూ చూడలేదు, డబ్బాను రోజూ చూశాను.) నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. మలయాలో, సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో, కూలీల వరస ఇళ్ళలో మా ఇల్లు. ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళం: రబ్బరు చెట్లకు గాటు పెట్టి పాలు తీసే పనికి వెళ్ళే అమ్మ, నాన్నమ్మ, నేను. నాకు ఐదేళ్ళప్పుడు జపాను వాళ్ళు సయాంలో రైలు పట్టాలు వేయడానికని నాన్నను లారీ ఎక్కించుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. చావు కబురూ రాలేదు గనక నాన్నమ్మ అమ్మను బొట్టు తీయనివ్వలేదు. మా ఇంట్లో ఆయన లేడని ఎవరూ అనకూడదు, ఇంకా రాలేదనాలి.

నేను తోట ఆస్పత్రిలో కట్లు కట్టే గుడ్డలు చుట్టేదాన్ని. ఆస్పత్రి అంటే రెండు గదులు, ఒక బల్ల, ఒక తూకం యంత్రం, ఒక డ్రస్సరు. ఆయనే మాకు డాక్టరు, కాంపౌండరు, పురుళ్ళప్పుడు మంత్రసానికి ధైర్యం చెప్పే పెద్దమనిషి కూడా. మెర్డెకా (స్వాతంత్ర్యం) రాబోతోంది, దేశానికి నర్సులు కావాలి, నువ్వు చురుకైన పిల్లవి అని చెప్పి పట్నంలో పెద్దాస్పత్రి శిక్షణకు నా పేరు పంపించాడు. షరతు ఒక్కటే, తొంభై పౌన్ల బరువుండాలి. నన్ను తూకం ఎక్కించి, ముల్లు వైపు వంగి చూసి, "ఎన్నమ్మా, ఇదు వెయిట్టా, కాత్తా?" అన్నాడు (బరువా, గాలా అని). ఎనభై మూడు. గడువు రెండు నెలలు. అప్పటికి ఏడు పౌన్లు పెరగకపోతే నా చోటు ఇంకో పిల్లకు పోతుంది, నేను అమ్మ వెంట కత్తి పట్టుకుని చెట్ల మధ్యకు పోవాలి. పని కష్టమని కాదు నా భయం. ఆ చెట్ల మధ్య అమ్మ మాట్లాడటం మానేసిన సంగతి నాకు తెలుసు, నేనూ అలాగే అయిపోతానేమోనని.

అందుకని నా జీతం డబ్బులు కొంగున కట్టుకుని బొజ్జ తౌకే (చైనా షావుకారు) కొట్టుకు వెళ్ళాను. బలం పొడులు మూడు రకాలున్నాయి: గోధుమరంగు మాల్టు పొడి, పాలపొడి, ఇంకొకటి ఏ వాసనా లేని తెల్లటి పొడి, రోగుల కోసమట. మూడోదాన్ని మా వరసలో ఎముకల పొడి అనేవాళ్ళు, ఎవరి ఎముకలన్నది మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. తౌకే మూడు డబ్బాలూ బల్ల మీద పెట్టి, "మావు గెముక్ కా, మావు కువాత్ కా?" అన్నాడు. లావు కావాలా, బలం కావాలా? నాకు రెండూ అక్కర్లేదు, బరువు కావాలన్నాను. నలభై ఏళ్ళ వ్యాపారంలో అలాంటి బేరం తగల్లేదేమో, కాసేపు ఆలోచించి, "అయితే పాలపొడి" అని తేల్చాడు. ఇంట్లో ఏం తింటారని కూడా అడిగాడు. సర్కారు కాపలాలో అందరికీ ఒకేచోట వండి పెట్టే అన్నం, పెరట్లో కర్రపెండలం అని చెప్పాను. పాపమనిపించిందో ఏమో, ఒక చెంచా ఉచితంగా ఇచ్చాడు. తరవాత మేకు తీసుకుని డబ్బా మూతకు రెండు చిల్లులు పొడిచాడు. అడవిలో వాళ్ళకు తిండి చేరకుండా, అమ్మిన ప్రతి డబ్బాకూ చిల్లు పొడవాలని అప్పట్లో చట్టం. ఆ రెండు చిల్లులూ ముక్కుపుటాల్లా కనిపించాయి నాకు. ఇంటికొచ్చేదాకా డబ్బా ఊపిరి పీలుస్తున్నట్టే అనిపించింది.

రోజూ పొద్దున రెండు చెంచాలు, సాయంత్రం రెండు. మొదటి వారం గడిచాక మూత తీసి చూస్తే పొడి అంచుదాకా ఉంది. నేను తక్కువ వేసుకుంటున్నానేమోనని మూడేసి చెంచాలు మొదలుపెట్టాను. రెండో వారమూ అంతే. సూదితో డబ్బా లోపల గీత గీశాను. మర్నాడు గీత కనపడలేదు, పొడి దాన్ని దాటి పైకొచ్చింది. మా తోటలో మధ్యాహ్నాలు మామూలుగానే బాగుండవు. అమ్మావాళ్ళు పాలు తూకం వేయించడానికి పోతారు, పిల్లలు బడికి పోతారు, వరసలో మనిషి అలికిడి ఉండదు. ఎండకు రబ్బరు కాయలు ఠప్పుమని పగిలి గింజలు రేకుల కప్పు మీద పడతాయి, ఎవరో పిలిచి ఊరుకున్నట్టుంటుంది. గాలి తిరిగే వేళ బయట ఉండకూడదని నాన్నమ్మ నన్ను చిన్నప్పట్నుంచీ బెదిరించేది. ఆస్పత్రి నుంచి కూటికి వచ్చి, నాన్నమ్మ పెరట్లో ఉంటే, ఖాళీ ఇంట్లో, నిండుగా ఉన్న ఆ డబ్బాకు ఎదురుగా కూర్చుని తినడమంటే నాకు ముద్ద దిగేది కాదు.

"ఏటే గుంటా, డబ్బా కాసి అలాగ సూస్తన్నావు?" అంది నాన్నమ్మ ఒకరోజు.

"తింటన్నా తరగట్లేదు నాన్నమ్మా."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. వాకిలి వైపు చూసి, "మీ అయ్య నింపతన్నాడేమో" అంది మామూలుగా, కుండలో నీళ్ళు నింపే మాట చెప్పినట్టు. ఆ మాట పక్కింటికి పాకి, అక్కణ్ణుంచి వరసంతా పాకింది. ఆడవాళ్ళు వచ్చి డబ్బాకు దణ్ణం పెట్టి, అక్షయపాత్రని ముక్కున వేలేసుకుని పోయేవారు. ఒకావిడ పసుపు బొట్టు కూడా పెట్టింది, సరిగ్గా ఆ బొద్దు పిల్లాడి నుదుటి మీద. ఇంత మహిమలోనూ నా బరువు మాత్రం ఎనభై రెండుకు దిగింది. పొడి రుచి కూడా మారింది. వేడినీళ్ళు పోస్తే గ్లాసులో బంకలా సాగేది, చెంచా నిటారుగా నిలబడేది. మూత చిల్లుల్లోంచి తేమ చేరి అలా అయిందని నాకు నేను సర్దిచెప్పుకుని, కళ్ళు మూసుకుని మింగేదాన్ని. (నేను చుట్టిన కట్లు ఊడిపోతున్నాయని డ్రస్సరు తిట్టినప్పుడు, ఈ గ్లాసు తెచ్చి అంటిద్దామా అనిపించేది.) రాత్రి పడుకుంటే నా ఒంట్లోంచి ఎవరో కొంచెం కొంచెం తీసి ఆ డబ్బాలో పోస్తున్నారన్న ఆలోచన వచ్చి, పొద్దున లేవగానే చేతులు తడుముకునేదాన్ని.

గడువు ఇంకా రెండు వారాలుందనగా ఒక మంగళవారం కడుపులో తిప్పి, ఆస్పత్రి నుంచి పెందలాడే బయల్దేరాను. మిట్టమధ్యాహ్నం. మా వాకిలి దగ్గరికి వచ్చేసరికి లోపల మాటలు వినిపించాయి. ఒక గొంతు నాన్నమ్మది. ఆవిడ ఏదో అడుగుతుంది, ఆగుతుంది, ఎవరో జవాబు చెప్పినట్టు ఊఁ కొడుతుంది. చెక్కల సందులోంచి చూశాను. నాన్నమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో నా డబ్బా, ఒక పక్క మట్టికుండ, ఇంకోపక్క చేటలో తెల్లటి పిండి. డబ్బా అడుగున ఇంకా మిగిలిన పాలపొడిని చెంచాతో తీసి కుండలో వేస్తోంది, చేటలోని పిండిని డబ్బాలో పోసి తట్టి సర్దుతోంది. ఎదురుగా పెరటి గుమ్మం తెరిచి ఉంది, అక్కడెవరూ లేరు. ఆ గుమ్మం వైపు చూసి, "ఈ పాలి ఎల్లనివ్వను నాయినా. నువ్వేటీ బెంగెట్టుకోకు" అంది.

నేను తలుపు తోసిన వేగానికి చేట ఎగిరిపడి, ఇద్దరం తెల్లగా అయిపోయాం. అది పెరట్లో కర్రపెండలం తురిమి, ఎండబెట్టి, దంచిన పిండి. ఆరు వారాలుగా నేను బలమనుకుని తాగింది చాలావరకు గంజి. "నా బతుకు పాడు సేస్తన్నావు నాన్నమ్మా!" అని అరిచాను. జన్మలో ఆవిడ మీద అలా అరవలేదు.

ఆవిడ కొంగుతో నా మొహం తుడిచింది. "ఆ దినం జపానోలు మగోల్లందర్నీ వరసలో నిలబెట్టినారు. సేతులు పిసికి సూసినారు, బస్తా ఎత్తించినారు. బలవైనోలని ఏరి లారీ ఎక్కించినారు. సన్నంగున్నోలు ఇంటికొచ్చీసినారు. మీ అయ్య ఎంత బలవైనోడో నీకు తెలీదే. నాను పెట్టినానే, గుడ్లు, పాలు, నా సేత్తో పెట్టి పెంచినాను." కింద పడ్డ పిండిని చేటలోకి ఎత్తుతూ, "ఈ పిండి తిన్నోలమే బతికినాం. ఇప్పుడు నిన్ను తూస్తారట, బలవుంటే తీసుకుపోతారట" అంది.

నాకు కోపం ఎటు పోయిందో తెలియలేదు. అది ఆస్పత్రి నాన్నమ్మా, జపాను లారీ కాదన్నాను. "ఆ జపానోలూ మంచి మాటే సెప్పినారు. మూడు నెలలు పని, మంచి జీతం, తిరిగి ఒచ్చీడమే అన్నారు" అంది. కుండ నా ముందుకు జరిపింది. నేను తాగగా మిగిలిన పాలపొడి అంతా అందులోనే ఉంది, ఒక్క చెంచా కూడా ఆవిడ ముట్టలేదు. నేను ఇంట్లోనే ఉండిపోతే మెల్లగా నాకే పెడదామని దాచిందట. తేమకు గడ్డకట్టి రాయిలా అయింది, దాన్ని ఇద్దరం కలిసి రోకలితో కొట్టాం. కొడుతూ కొడుతూ నాన్నమ్మ అన్న మాట మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు: మంగళవారం మంగళవారమే పోశానని, మిగతా రోజులు డబ్బా ముట్టుకోలేదని నాన్న మీద ఒట్టేసింది. సూది గీత రోజూ పొడిలో మునిగిపోవడం నేను చూశాను. అమ్మను అడిగితే తనకు డబ్బా ఎక్కడుందో కూడా తెలియదంది.

తూకం రోజున నాన్నమ్మ కూడా పట్నం వస్తానని పట్టుబట్టి, తోట గేటు దగ్గర ఒళ్ళంతా తనిఖీ చేయించుకుని మరీ వచ్చింది. ఎనభై అయిదు. పెద్దాస్పత్రి నర్సులకు పెద్దయిన తెల్ల మేట్రన్ తల అడ్డంగా ఊపింది. "ఏటంటాది?" అంది నాన్నమ్మ. తక్కువయ్యాను, ఇంటికి పొమ్మంటోంది అని చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ నా మొహం చూసింది, చాలాసేపు చూసింది. తరవాత మేట్రన్ బల్లకు అడ్డంగా నిలబడి, "తప్పు గుంటది కాదు, నాది. సెప్పు" అంది. మా నాన్నమ్మ నా పొడిని దొంగిలించి పిండి పెట్టింది, నన్ను తీసుకెళ్ళిపోతారని, అని నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాను. మేట్రన్ మా ఇద్దర్నీ చూసి పిచ్చివాళ్ళ వార్డు ఎటున్నదో గుర్తుచేసుకుంటున్నట్టు నిలబడింది. అప్పుడు ఒక తమిళ నర్సమ్మ కల్పించుకుని మొదట్నుంచీ అడిగి, లారీ సంగతితో సహా విడమరచి చెప్పింది. మేట్రన్ కూర్చుంది. నెలకు రెండు రోజులు సెలవు, పిల్ల ఇంటికొస్తుంది అని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, నాకు కాదు, నాన్నమ్మ చేతికిచ్చింది. నాకు ఇంకో నెల గడువిచ్చింది.

ఆ నెల నన్ను మేపారు. మెర్డెకా రోజున ఊరంతా జెండాలు పట్టుకుని అరుస్తుంటే నేను ఇంట్లో మూడో గ్లాసు తాగుతున్నాను, ఎదురుగా నాన్నమ్మ కాపలా. తొంభై ఒకటి తూగాను.

మొదటి సెలవుకు తెల్లబట్టలు, కొత్త జోళ్ళు వేసుకుని గొప్పగా బస్సు దిగాను. గేటు దగ్గర నాన్నమ్మ నిలబడి ఉంది. నన్ను చూసింది, చెయ్యి పట్టుకుంది, అయితే కళ్ళు మాత్రం నా భుజం మీదుగా బస్సు మెట్ల మీదే ఉన్నాయి. బస్సు కదిలి, దుమ్ము అణిగేదాకా అలాగే చూసి, "పద" అంది. ప్రతి నెలా అంతే, ఆవిడ పోయేదాకా. అంత దూరం నుంచి వస్తే నన్ను చూడకుండా వెనక ఎవరికోసం చూస్తావని నేను మూతి ముడుచుకునేదాన్ని, కొత్త జోళ్ళు కనపడేలా కాళ్ళు ముందుకు చాపుకుని నిలబడేదాన్ని. ఎంత వెర్రిదాన్నో! ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్ళూ, ఆ తరవాతా, ఆ పిల్ల గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది. మొన్న కూడా బస్సు దిగి రెండడుగులు వేసి, నాకు తెలియకుండానే ఆగి వెనక్కి తిరిగాను. డ్రైవరు, "ఎవరైనా రావాలా అమ్మా?" అని మలయ్‌లో అడిగాడు. ఇంకా రాలేదని చెప్పాను.