మా బావ నాలుక

మా బావ బల్తజార్ ఎముకలు నాకేవాడు. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. సముద్రపొడ్డున దొరికిన ముక్క ఏదైనా సరే, చేతిలో పెడితే చాలు, ముందు నాలుక, తర్వాతే కళ్ళు.

మా ఊళ్ళో గట్టి గాలివానకి కొండచరియ విరిగిందంటే ఇసుకలో రాక్షసిబల్లుల ఎముకలు బయటపడతాయి. వాటి పక్కనే గొడ్లవీ, తిమింగలాలవీ, లిస్బన్ నుంచి షికారుకొచ్చినవాళ్ళు పారేసిన కోడికాళ్ళూ ఉంటాయి. ఏది ఏదో తేల్చేది బావే. ఆయనకున్నది మందుల షాపు. కానీ ఆదివారం పూజ అయ్యాక కొలువు తీరేది నా కాఫీ హోటల్లో. మూల బల్ల దగ్గర బావ, ఎదురుగా తడి సంచులతో జనం.

"రాయైతే నాలుక మీద జారిపోతుంది. ఏనాటిదో ఎముకైతే లోపలంతా సన్నసన్న చిల్లులు, తడి పీల్చి పట్టేసుకుంటుంది," అనేవాడు. ముక్క నాలుకకి వేలాడుతుండగా అనలేడు కాబట్టి, తీశాక అనేవాడు.

ఒకసారి లిస్బన్ ఆవిడ ఎవరో పసిబిడ్డంత జాగ్రత్తగా ఓ ముక్క తెచ్చింది. బావ నాకి, "ఆవు. ఎడమ కాలు," అన్నాడు.

"నాకకుండా చెప్పలేరా?" అందావిడ, ముక్కు మూసుకుని.

"చెప్పగలను. తృప్తిగా ఉండదు."

మా అక్క దియోలిండా ఆయన్ని ముద్దు పెట్టుకోనివ్వడం మానేసి ఏళ్ళయింది. "ఆ నాలుక ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో దేవుడికెరుక," అనేది. "కోట్ల ఏళ్ళ వెనక్కి వెళ్ళొచ్చింది," అనేవాడు బావ, కాస్త గర్వంగానే.

నేను చూడగా ఒక్కసారే నాకలేదు. ఓ పడవవాడు వలలో వచ్చిందంటూ పొట్టి ముక్కొకటి తెచ్చిచ్చాడు. బావ దాన్ని చూసి, టోపీ తీసి, ముక్కని ఉతికిన రుమాల్లో చుట్టుకుని గబగబా బయటికి నడిచాడు. పంటినొప్పేమో అనుకున్నాను. ఆ వారంలోనే శ్మశానంలో పేరు లేని శిలువ ఒకటి లేచింది. రెండూ కలిపి చూడాలని నా బుర్రకి తట్టలేదు. ఊళ్ళో ఆడవాళ్ళకి తట్టింది.

పోయిన చలికాలం బావ నాలుక వాచింది. ఎంతగా అంటే నోరు మూతపడేది కాదు. "ఇంకోసారి నాకావంటే కోసి పారేస్తా," అన్నాడు డాక్టరు. అక్క ఆయన చేత మరియమ్మ బొమ్మ మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించింది. చేతిలో భూతద్దం పెట్టింది.

చిత్రం ఏమిటంటే, ఆ అద్దమూ అక్కర్లేకపోయింది. గుమ్మంలో మనిషి ఉండగానే, "తాబేలు చిప్ప, ఇంటికెళ్ళండి," అనేవాడు. అన్నీ సరిగ్గానే చెప్పేవాడు.

"ఇంత తెలిసినవాడు ఇన్నాళ్ళూ ఎందుకు నాకాడే అక్కా?" అన్నాను.

"రుచి మరిగాడు," అంది అక్క.

అలా ఉండగా ఓ ఆదివారం ఇదలీనా వచ్చింది. చేపలు ఎండబెట్టుకుని బతికే మనిషి. అంతకు ముందటేడు ఆమె మొగుడు జెర్వాజియో పడవ మునిగింది. చెక్కలు ఒడ్డుకొచ్చాయి, ఆయన రాలేదు. తలగుడ్డలో చుట్టిన మూట బల్ల మీద పెట్టి, "కాస్త చూడండి అన్నయ్యా," అంది. హోటల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

బావ మూట విప్పాడు. నాలుక పెదవిదాకా వచ్చింది, కాఫీలు అందిస్తున్న అక్క కళ్ళు చూసి వెనక్కి పోయింది. భూతద్దం తీసి, ముక్కని కిటికీ వైపు తిప్పాడు.

ఇదలీనా ఎముక వంక చూడటంలేదు. బావ నోటి వంకే చూస్తోంది.

"నాకలేదు," అంది మెల్లిగా. కుర్చీ పట్టుకుంది.

"అది కాదు తల్లీ, ఒట్టు వేశాను, మా ఆవిడ..."

"ఇంకేం చెప్పక్కర్లేదన్నయ్యా. అర్థమైంది." ఆమె మొహం సున్నం కొట్టినట్టయింది.

అక్క చేతిలో కాఫీ పళ్ళెం ఠప్పున బల్ల మీద పడింది. "నాకి చావండి!"

"మరి ఒట్టు?"

"మరియమ్మతో నేను మాట్లాడుకుంటా. ముందు నాలుక బయటపెట్టండి!"

బావ పెట్టాడు. చెయ్యి వదిలేశాడు. ముక్క నాలుకకి అతుక్కుని వేలాడింది. అలాగే లేచి, బల్లబల్లకీ తిరిగి చూపించాడు. "ఆ...అహి...అల్లి!" అన్నాడు.

"అది తీసి మాట్లాడండి," అంది అక్క.

"రాక్షసిబల్లి. తోక."

ఇదలీనా కాసేపు ఆ ముక్కనే చూసింది. "మా ఆయనకి తోక లేదు," అంది.

"లేదు తల్లీ. చిన్నప్పటి నుంచీ కలిసి ఈత కొట్టినవాణ్ణి, సాక్ష్యం చెబుతా."

ఆమె నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వి, కాఫీలో ఇంకో చెంచా పంచదార అడిగింది.

ఆమె వెళ్ళాక అడిగాను, "చూడగానే తెలిసిందిగా బావా?"

"నా కంటికి తెలిస్తే సరిపోతుందా బామ్మర్దీ? ఈ ఊళ్ళో మూట విప్పే ప్రతి ఆడదానికీ నోరు రాక అడగని మాట ఒకటుంటుంది. అడిగేలోపే జవాబు కనబడాలి. మనిషి ఎముకని ఎవడైనా నాకుతాడా?"

"మరి షికారువాళ్ళు తెచ్చినవి కూడా నాకావెందుకు?"

"కొందరివే నాకితే ఊరు కనిపెట్టేయదూ?"

అక్క అంతా వింది. మర్నాడు ఫాదరీ దగ్గరికెళ్ళి ఒట్టు రద్దు చేయించుకొచ్చింది, ఆదివారాలకి మాత్రం. భూతద్దం ఇప్పుడు ఆమె సూదిలో దారం ఎక్కించుకోడానికి పనికొస్తోంది. ఆదివారం రాగానే బావ ముందు గ్లాసుడు ఉప్పునీళ్ళు పెడుతుంది. "పుక్కిలించి నాకండి," అంటుంది.

మొన్న ఇదలీనా మళ్ళీ వచ్చింది. ఎర్రటి ముక్క ఒకటి చేతిలో పెట్టింది. బావ శ్రద్ధగా నాకాడు.

"ఇంటి పెంకు."

"తెలుసన్నయ్యా," అంది. "మా ఇంటిదే. మీరు నాకుతుంటే చూసి పోదామని."