పక్కింటివాణ్ణి పిలుచుకురమ్మన్న మేస్త్రి

మొన్న శుక్రవారం పొద్దున మా పక్కింటాయన వాకిట్లో నిలబడి, "తుపాకుల మేస్త్రి పోయినాడంట. మధ్యాన్నం మట్టి. పోదాం పద" అన్నాడు. నేను పళ్ళు తోముకుంటున్నాను. నోట్లో వేపపుల్ల అట్లాగే ఉండిపోయింది. డెబ్బై దాటిన మనిషి, ఆయాసంతో నాలుగు నెలలుగా మంచాన ఉన్నాడు, తెలిసిన సంగతే. పుల్ల పారేసి మొహం కడుక్కున్నాను.

దొరవారిసత్రం సంతవీధిలో ఆయన కొట్టు మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. తాళాలు, కుట్టుమిషన్లు, పంపుస్టవ్వులు అన్నీ బాగుచేసేవాడు గానీ అసలు పని తుపాకులది. పులికాట్ చెరువుమీద బాతులు కొట్టేవాళ్ళూ, చేలల్లో అడవిపందులను బెదరగొట్టుకునే మాబోటివాళ్ళూ ఆయన దగ్గరికే పోయేవాళ్ళం. ఆయన కళ్ళజోడుకు ఒకవైపు కాడ విరిగితే దారం కట్టుకున్నాడు. ఊరందరి సామాన్లూ బాగుచేసిన మనిషి అదొక్కటి చివరిదాకా బాగుచేసుకోలేదు. తుపాకి చేతికిస్తే ముందు దాన్ని చూసేవాడు కాదు, తెచ్చినవాడి మొహం చూసేవాడు.

ఆయనకొక పద్ధతి ఉండేది. సొంతదారు ఒక్కడే వస్తే బాగుచేసిన తుపాకి ఇచ్చేవాడు కాదు. పక్కింటివాణ్ణి వెంటబెట్టుకుని రావాలి. తమ్ముడు పనికిరాడు, బావమరిది పనికిరాడు. గోడకు గోడ ఆనుకున్నవాడో, గట్టుకు గట్టు ఆనుకున్నవాడో రావాలి. "ఇయ్యమంటావా?" అని ఆ వచ్చినవాణ్ణి అడిగి, వాడు ఊఁ అంటేనే ఇచ్చేవాడు. "తుపాకి నీదే అబ్బయా, మోత మాత్రం పక్కింటోడిది" అనేవాడు.

చాదస్తమని మేమంతా నవ్వుకునేవాళ్ళం. అదెట్లా మొదలైందో ఒకసారి ఆయనే చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు, ముసురుపట్టిన ఒకరోజు ఎవరో వచ్చి తొందరపెడితే బిగించి ఇచ్చేశాడట. ఆ సాయంత్రమే అతను దాయాదిని కాల్చాడు. "ఆ ఊళ్ళో ఎవురికీ ఎవురితోనూ మాటల్లేవంట. నేనడిగుంటే తోడొచ్చేవోడే లేడు. నేనడగలా" అన్నాడు. కొట్టు మూలన ఎప్పుడూ రెండు మూడు తుపాకులు మిగిలిపోయి ఉండేవి. పక్కింటివాళ్ళను పిలవలేనివాళ్ళవి. ఏ ఊరు చెడిపోతూ ఉందో పోలీసులకంటే ముందు మేస్త్రికి తెలిసేది.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ మూలన నాది కూడా చేరింది. నేను కోపిష్టివాణ్ణి, ఊరంతా ఎరుగుదురు. మీట పట్టేస్తోందని తుపాకి మేస్త్రికి ఇచ్చిన వారానికే, నీళ్ళ వంతు దగ్గర మా పక్కింటాయనకూ నాకూ తగాదా పడింది. ఈయనే, మొన్న నన్ను మట్టికి పిలిచినాయనే. ఇంటిపక్క ఇల్లు, చేనిపక్క చేను. నా వంతునాడు ఆయన కాలవకు గండి కొట్టుకుంటే నా నారుమడి ఎండింది. అడగబోతే నలుగురిలో మా అమ్మను ఒక మాటన్నాడు. పోయి ఏడాది కూడా కాని మా అమ్మను. నేను ఇంటికి పోకుండా నేరుగా నాలుగు మైళ్ళు నడిచి కొట్టు ముందు నిలబడ్డాను.

"తుపాకి అయిందా?" అన్నాను.

"అయింది. పక్కింటోడేడీ?"

"వాడికోసరమే. ఇయ్యి."

మేస్త్రి చేతిలో ఆకురాయి కింద పెట్టాడు. "అట్టయితే వాణ్ణి తప్పకుండా పిల్చకరావాల్సిందే" అన్నాడు.

నేను అరిచాను. లైసెన్సు నాది, పోలీసులకు చెప్తానన్నాను. "చెప్పు, నేనూ వస్తా" అన్నాడు. నోటికొచ్చిందల్లా అన్నాను. "బతకడానికొచ్చిన సాయిబువి, నాకు బుద్ధి చెప్తావా" అని కూడా అన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. ఆయన మళ్ళీ ఆకురాయి తీసుకుని, "గమ్మున కూచో అబ్బయా, ఎండగుండాది" అన్నాడు. కూర్చున్నాను. టీ తెప్పించాడు, తాగలేదు. పొద్దు వాలాక వట్టి చేతులతో ఇంటికొచ్చాను.

పది నెలలు తుపాకి అక్కడే ఉంది. ఈలోగా పందులు నా చెనక్కాయ చేను సగం తవ్విపోశాయి. "పోయి ఆయన్ని పిలవరాదా" అని నా భార్య పోరితే కసిరాను. వాణ్ణి బతిమాలడంకంటే చేను పోతే పోనీ అనుకున్నాను. చివరికి ఆయనే వచ్చాడు. నా మొహం చూడకుండా, "పందులు నా చేన్లోనూ పడినాయి. రా, పోయి తుపాకి తెచ్చకుందాం" అన్నాడు.

మేస్త్రి మమ్మల్నిద్దర్నీ ఒకసారి చూసి లేచాడు. లోపలినుంచి తుపాకి తెచ్చాడు. నెలనెలా నూనె పెట్టినట్టున్నాడు, తుప్పు మచ్చ కూడా లేదు. "ఇయ్యమంటావా?" అని పక్కింటాయన్ని అడిగాడు. ఆయన చాలాసేపు బల్లకేసి చూశాడు. "ఇయ్యన్నా" అన్నాడు.

తప్పయిపోయిందని మేస్త్రితో అందామనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది, అనలేదు. తర్వాత ఇన్నేళ్ళలోనూ అనలేదు. మొన్న పిడికెడు మట్టి వేసేటప్పుడు అన్నాను. అప్పుడంటే ఏం లాభం.

తిరిగొస్తూ, పక్కింటాయనకైనా చెప్పేయాలనిపించింది. "అన్నా, ఆ పొద్దు నేను తుపాకి కోసం మేస్త్రి కాడికి పోయింది..." అని మొదలుపెట్టాను.

"నాకోసరమే గదా. తెలుసులే" అన్నాడు. "ఆ మాపటికే మేస్త్రి సైకిలేసుకొచ్చి చెప్పిపోయినాడు. ఎవురికాడా ఆ మాట ఎత్తొద్దన్నాడు. నేనొచ్చి ఇయ్యమనే దాకా అది కొట్టు దాటదన్నాడు."

"తెలిసీ ఇయ్యమన్నావా?"

"పది నెల్లు చూసినాను. నిజంగా చంపాలనుంటే ఇంకోటి యాడన్నా తెచ్చుకుందువు. తెచ్చుకోలా." కొంచెం దూరం నడిచాక, "మీ అమ్మనన్న మాటకు నాకూ కూడు సయించలేదులే" అన్నాడు.

తుపాకి తెచ్చుకున్న ఆ రోజు కళ్ళముందుకొచ్చింది. ఒక్క మనిషి మాత్రమే పట్టే కాలవగట్టు. భుజాన తుపాకీ, సంచిలో మందూ గుండ్లూ పెట్టుకుని నేను వెనక నడుస్తున్నాను. ఆయన ముందు నడుస్తున్నాడు. నాలుగు మైళ్ళలో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.