చెయ్యని ప్రదక్షిణ

మా జిల్లాలో పందెం అన్న మాట వినిపిస్తే ఎదుటివాడు ముందు చుట్టూ చూస్తాడు, తర్వాత గొంతు తగ్గించి "ఎక్కడండీ?" అంటాడు. పందేనికి కోడి తప్ప ఇంకోటి వెళ్తుందని ఇక్కడ ఎవరికీ తోచదు. అందుకే తొంభైల్లో నేనూ మా బావమరిదీ తెరచాప పడవని లారీ మీద కట్టుకుని ఊరూరా పోటీలకు తిరిగిన రోజుల్లో, దారిలో ఆపిన ప్రతి చెక్‌పోస్టు దగ్గరా ఒకటే సంభాషణ.

"ఏంటండీ ఇది?"

"పడవండి."

"ఇంజినేదీ?"

"ఉండదండి. గాలికి పోద్ది."

"చేపలు పడతారా?"

"లేదండి, పందెం."

"ఎంత కాస్తారేంటి?"

"ఏమీ కాయమండి. ఊరికే."

అప్పుడతను కాస్త తెలివైనవాడి కోసం వెతికినట్టు మా బావమరిది వైపు చూసేవాడు. వాడు చాలా మర్యాదగా, "మా బావగారు మొదట్నుంచీ అంతేనండి. మా అక్క తెలీక చేసుకుంది," అనేవాడు. గేటు లేచేది.

నేను బ్యాంకులో పనిచేసేవాణ్ణి. కాలేజీలో ఎన్.సి.సి. నేవీ విభాగంలో ఉండగా పడవ అబ్బింది. మా ఆవిడ తమ్ముడికి రాజమండ్రిలో మోటారు పంపుల షాపు. పెళ్లయిన కొత్తలో వాణ్ణి సరదాకి ఒకసారి గోదావరి మీదకు తీసుకెళ్లాను. దిగేటప్పటికి వాడు షాపు సంగతి మర్చిపోయాడు. మా పడవ ఇద్దరు ఎక్కేది. వెనక కూర్చున్నవాడు చుక్కాని పిడీ, పెద్ద తెరచాప తాడూ పట్టుకుంటాడు. ముందున్నవాడు చిన్న తెరచాప చూసుకుంటూ, పడవ ఒరిగినప్పుడల్లా నడుం దాకా బయటికి వాలి బరువు సరిచేస్తాడు. వెనక నేను, ముందు వాడు. అలా ఏడేళ్లు.

వానాకాలం హైదరాబాదు చెరువులో, చలికాలం మద్రాసు రేవులో, ఎప్పుడైనా బొంబాయిలో. నా సెలవులన్నీ వాటికే. నరసాపురం నుంచి వెళ్లే చేపల లారీ ఒకటి మమ్మల్ని మద్రాసు దాకా మోసేది. తెరచాప కొయ్యని ఐసు పెట్టెల మీద పొడుగ్గా కట్టేవాళ్లం. ఎంత కడిగినా మా తెరచాపకు రొయ్యల వాసన పోలేదు. పోటీలో మా వెనక పడినవాళ్లకి మేము కనిపించకపోయినా దారి తెలుస్తుందని మద్రాసు వాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లు నవ్వింది మొదటి ఏడాదే. గాలి చదవడంలో నన్ను మించినవాడు రెండు గోదావరి జిల్లాల్లోనూ లేడు, ఆ మాట ఇప్పటికీ అంటాను. నీళ్ల మీద దూరంగా నల్లటి ముడత కనిపిస్తే అది మా దాకా ఎప్పుడు వస్తుందో, ఎటు తోస్తుందో నాకు తెలిసేది. నేను నోరు తెరవకముందే మా బావమరిది బయటికి వాలేవాడు. గెలుపులో సగం అదే.

ఒడ్డు మీద వాడు నన్ను "బావగారూ, మీరు" అనేవాడు. పడవలో అండీలకి టైముండదు. అక్కడ "బావా, నువ్వు", ఒక్కోసారి అంతకంటే తక్కువ.

ఈ ఆటలో ఒక వింత ఉంది. నీళ్ల మీద అంపైరు ఉండడు. లంగరు వేసి నిలిపిన పెద్ద రబ్బరు బోయాల చుట్టూ తిరిగి రావాలి. పడవ బోయాకి తగిలితే, తగిలినవాడే తనంతట తాను పక్కకి జరిగి, పడవని గుండ్రంగా ఒక చుట్టు తిప్పి, మళ్లీ దారిలో పడాలి. ఈ లోగా వెనకవాళ్లు దాటిపోతారు. అదే శిక్ష. ఎవరూ చూడకపోయినా అంతే. మా బావమరిది దానికి ప్రదక్షిణ అని పేరు పెట్టాడు. అలాంటివి ఎన్నో చేశాం. "బావా, దేవుడు పిలిచాడు, తిప్పు," అనేవాడు. నవ్వుకుంటూనే తిప్పేవాణ్ణి. గెలిచే అవకాశం లేనప్పుడు నవ్వుతూ తిప్పడం కష్టమేమీ కాదు.

ఒక ఏడు దక్షిణాది పోటీ మా గోదావరి మీదే పెట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట వెనక, రాజమండ్రి దగ్గర, నది కదలనట్టు నిండుగా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి వస్తుంది. మా బ్యాంకు వాళ్లు, మా వీధి వాళ్లు, ఇద్దరి తాలూకు చుట్టాలూ గట్టు మీద ఉన్నారు. మొదటి రెండు పడవలు జాతీయ పోటీకి వెళ్తాయి. ముందు రేసుల పాయింట్లతో మొదటి స్థానం అప్పటికే మద్రాసు వాళ్లకి ఖాయమైపోయింది. రెండోదానికి మేమూ, కాకినాడ నుంచి వచ్చిన తండ్రీకూతుళ్లూ సమానంగా ఉన్నాం. చుక్కాని ఆ అమ్మాయిదే. డిగ్రీ చదువుతోంది. ఆఖరి రేసులో ఎవరు ముందొస్తే వాళ్లు వెళ్తారు.

చివరి బోయా దగ్గర మేము ముందున్నాం, వాళ్లు మా వెనకే ఉన్నారు. ఆ అమ్మాయిని లోపలివైపు రానివ్వకూడదని అవసరమైనదానికంటే దగ్గరగా తిప్పాను. తెరచాప కింది అడ్డకర్ర కొస బోయాని రాసుకుంటూ పోయింది. చప్పుడు లేదు. తాడు పట్టుకున్న నా చేతికి మాత్రం తెలిసింది.

"బావా, తగిలింది."

"లేదు."

"తగిలింది. తిప్పు."

"కెరటానికి ఊగిందిరా. ముందు చూడు."

వాడు ముందుకు చూశాడు. గాలి పెరిగినప్పుడు బయటికి వాలాడు, తాడు లాగమన్నప్పుడు లాగాడు. తన పని ఏదీ తగ్గించలేదు. పడవ పొడుగంత తేడాతో గెలిచాం. గట్టు మీద ఈలలు వేశారు.

రేసు అయ్యాక ఫిర్యాదులకు కొంత సమయం ఇస్తారు. మనంతట మనం వెళ్లి తప్పు ఒప్పుకోవడానికి కూడా అదే సమయం. నేను టీ తాగుతూ కూర్చున్నాను. వాడు పడవ పక్కన నిలబడి, ఆరిపోయిన తెరచాపనే మళ్లీ మళ్లీ తుడిచాడు. చెప్పదలిస్తే తనే వెళ్లి చెప్పొచ్చు. అక్క మొగుణ్ణి నలుగురిలో దోషిగా నిలబెట్టడం వాడి వల్ల కాలేదు. నేను లేస్తానని చూశాడు. గడువు అయిపోయినట్టు జెండా దించారు.

"అయిపోయిందండి బావగారూ," అన్నాడు.

కాకినాడ పెద్దాయన వచ్చి చెయ్యి కలిపాడు. "మీ నది మీద మిమ్మల్ని గెలవడం కష్టమండీ" అన్నాడు. అవునన్నట్టు నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు మా బావమరిది మోకాలు నొప్పి అన్నాడు. జాతీయ పోటీకి బ్యాంకులో ఒక కుర్రాణ్ణి బతిమాలి తీసుకెళ్లాను. అట్టడుగున వచ్చాం, గాలి బాగాలేదని చెప్పుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లు, పోటీకి ముందు ప్రతిసారీ వాడి షాపుకి వెళ్లేవాణ్ణి.

"ఎలా ఉంది మోకాలు?"

"అలాగే ఉందండి."

"ఈ నెలాఖరుకి హైదరాబాదు."

"వెళ్లి రండి బావగారూ. జాగ్రత్త."

నాకు కావలసింది వాడు. ముందు సీట్లో ఎవరిని కూర్చోబెట్టినా రెండు చేతులూ రెండు కాళ్లూ వచ్చేవి, ఊపిరి కలిసేది కాదు. కానీ వాడు ఎందుకు రావడం లేదో నాకు తెలుసన్న సంగతి నేను ఒప్పుకోలేదు. మొండితనం అని మా ఆవిడతో అన్నాను. "మోకాలు నొప్పంటే మొండితనమేంటండీ?" అంది ఆవిడ.

ఆ మోకాలు మా అత్తగారి దాకా వెళ్లింది. వాళ్లది పెద్దాపురం. ఆవిడ రకరకాల తైలాలు పట్టించింది, ఎవరో చెప్పారని పసర్లు కట్టింది. వాడు అన్నీ కట్టించుకున్నాడు. పెళ్లిళ్లకీ పేరంటాలకీ గుర్తుపెట్టుకుని కుంటేవాడు. చివరికి ఆవిడ మరిడమ్మ తల్లికి మొక్కుకుంది, కొడుకు కాలు బాగుపడితే వాడిచేత నూట ఎనిమిది ప్రదక్షిణలు చేయిస్తానని. తర్వాత కాలు ఎంతకీ బాగుపడకపోతుంటే, ముందే చేయించేస్తే అమ్మవారు మొహమాటానికైనా చూస్తుందని తేల్చింది.

జాతర రద్దీ తగ్గాక ఒక ఉదయం అందరం వెళ్లాం. వాడు మొదలుపెట్టాడు. నేను ఒక పక్కన నిలబడ్డాను. మా అత్తగారు చేతిలో పసుపుకొమ్ములు వేసుకుని లెక్క పెడుతోంది. వాడు ఎడమకాలు ఈడుస్తూ గుడి వెనక్కి వెళ్లి, ఈడుస్తూ ఇటు వచ్చేవాడు. ఎండ ఎక్కింది, చొక్కా తడిసిపోయింది. ఒకసారి గుడి వెనక నుంచి వచ్చినప్పుడు కుడికాలు ఈడుస్తున్నాడు. నన్ను చూసి, నేను చూశానని గ్రహించి, కాలు మార్చుకున్నాడు.

నాకు నవ్వు రావలసింది. రాలేదు. ఒక్క చుట్టు. నేను నీళ్ల మీద తిప్పడానికి బద్ధకించిన ఒక్క చుట్టుకి, రెండేళ్లుగా వాడు కుంటుతున్నాడు. నా పరువు కాపాడటానికి కన్నతల్లికి అబద్ధం చెప్పి, ఆ అబద్ధానికి మొక్కు కూడా తీరుస్తున్నాడు.

ఎదురెళ్లి చెయ్యి పట్టుకున్నాను. "ఇంక ఆపు."

"ఊరుకోండి బావగారూ. లెక్క తప్పితే మా అమ్మ మళ్లీ మొదట్నుంచి అంటుంది."

వాణ్ణి వదిలి మా అత్తగారి దగ్గరికే వెళ్లాను. పడవ, బోయా, నా అబద్ధం, వాడి మోకాలు, అన్నీ మా ఆవిడ ముందే చెప్పాను. మా అత్తగారు పసుపుకొమ్ములు గుప్పెట్లో బిగించుకుని విన్నది.

"పడవల సంగతి నాకు తెలీదు బాబూ. వాడి కాలు బాగుందా, లేదా?"

"బాగుందండి."

"నిజంగా?"

"ఎప్పుడూ బాగానే ఉందండి."

"అయితే మొక్కు తీరినట్టే. మిగతావి మామూలుగా నడిచి పూర్తి చెయ్యమను."

వాడు మామూలుగా నడిచి పూర్తి చేశాడు. మా ఆవిడ మాత్రం తిరుగు ప్రయాణంలో నన్ను వదిలి తమ్ముడి పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం వాడితో, "ఇప్పుడైనా వస్తావా?" అన్నాను. వాడు నావైపు జాలిగా చూశాడు. "మా అమ్మకి చెప్తే ఏం లాభమండీ? ఆవిడేమైనా ఓడిపోయిందా?"

ఆ ఆదివారం, రెండో స్థానానికి మాకిచ్చిన కప్పుని గోనెసంచిలో పెట్టుకుని కాకినాడ బస్సెక్కాను. తలుపు తీసింది ఆ అమ్మాయి. బీఈడీ చేస్తోందట. వాళ్ల నాన్న స్నానంలో ఉన్నాడు. గుమ్మంలోనే కప్పు బయటికి తీసి ఆవిడకి చెప్పేశాను. ఆవిడ కప్పు వైపు చూడలేదు.

"నాకెందుకండీ చెప్తున్నారు? నేను బాగా నడిపానని నాకు తెలుసు. ఆ రోజు ఆఖర్లో గాలి తప్పు చదివానని మా నాన్నగారు ఇప్పటికీ అంటారు. ఆ తర్వాత నాకు చుక్కాని ఇవ్వలేదు. చెప్పేది ఆయనకి చెప్పండి."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేదాకా నిలబడి, మళ్లీ మొత్తం చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారికంటే కష్టంగా ఉంది. ఆయన కుర్చీలో కూర్చుని, కూతురితో, "నువ్వు చదివిన గాలి కరెక్టేనమ్మా," అన్నాడు. ఆ అమ్మాయి లోపలికి వెళ్లిపోయింది. నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. కప్పు గుమ్మం పక్కన పెట్టి వచ్చేశాను.

పోటీ నడిపినవాళ్లకి రాసిచ్చాను. వాళ్లు మా పేర్లు కొట్టేసి, ఆ తండ్రీకూతుళ్లని రెండో స్థానంలోకి జరిపారు. ఆ అమ్మాయి వెళ్లకుండా పోయిన జాతీయ పోటీని ఎవరూ తిరిగి పెట్టలేదు. అది నా ఖాతాలో అలాగే ఉంది, ఉండాలి కూడా. పోటీలకి తిరిగేవాళ్లలో కొందరు నాతో మాట్లాడటం తగ్గించారు. కొందరు మరీ ఎక్కువ మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఇంకా ఇబ్బందిగా ఉండేది.

ఇదంతా అయ్యాక మళ్లీ షాపుకి వెళ్లాను. మా బావమరిది ఒక పంపు విప్పి, చేతులు గ్రీజు చేసుకుని ఉన్నాడు.

"వస్తాను. చుక్కాని నేను పడతాను," అన్నాడు తలెత్తకుండా.

"నా మీద ఇంకా నమ్మకం లేదా?"

"నమ్మకం సంగతి కాదండి. చుక్కాని మీ చేతిలో ఉంటే, తగిలిందని అరవడం తప్ప నేనేం చెయ్యగలను? ఆ రోజు పిడి లాక్కుందామని కూడా అనిపించింది. లాక్కుంటే పడవ తిరగబడేది."

సరేనన్నాను.

నిజం చెప్పాలి, వాడు చుక్కాని నాకంటే బాగా పట్టడు. గాలి మారే ముందు అరక్షణం ఆలోచిస్తాడు, ఆ అరక్షణం ఖరీదైంది. ఇద్దరం కలిసి మళ్లీ గోదావరి మీద దిగిన రోజు, మొదటి రేసులో మధ్యలో ఎక్కడో వచ్చాం. నాకు నడుం పట్టేసింది. ఏళ్ల తరబడి వాడు పడ్డ శ్రమ ఏమిటో ఒక్క గంటలో తెలిసింది.

"ఎలా పట్టాను?" అన్నాడు.

"రెండో మలుపు ఆలస్యం చేశావు. ఎడమ పక్క గాలి కనిపిస్తూనే ఉంది."

"మరి చెప్పొచ్చుగా?"

"చెప్పాను. నువ్వు వినలేదు."

"గట్టిగా చెప్పు బావా. ముందున్నవాడి పని అదేగా."

రెండో రేసుకి బూర మోగింది. నేను నడుం నొక్కుకుంటూ ముందు సీట్లోకి జరిగి, తాడు అందుకుని, గాలి ఎటుందో గట్టిగా చెప్పాను.