మిరుగుకు ముందు తీసిన లెక్క

తెలంగాణ వచ్చిన మూడో ఎండాకాలంలో నన్ను నల్లగొండ రోడ్ల డివిజన్ ఆఫీసులో సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌గా వేశారు. హైదరాబాదు శివారు నుంచి మర్రిగూడ దిక్కుగా పోయే రాష్ట్ర రహదారిని నాలుగు వరుసలు చేసి టోల్ పెట్టాలన్నది పథకం. డ్రాయింగులు తయారు చేసేది ఒక కన్సల్టెన్సీ. వాటిని మా రికార్డుతో పోల్చి, షీటు అడుగున ‘సరిచూసినవారు’ అన్నచోట సంతకం పెట్టడం నా పని. ఆ పైన డిప్యూటీ ఇంజనీరు డీఈ, ఆయన పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఈఈ పెడతారు. మా ఆఫీసులో పైకి పోయినకొద్దీ సంతకం పెద్దదయ్యేది, చూపు చిన్నదయ్యేది.

నేను బడికి పోయినదాన్ని కాను. మా నాయిన సర్వే శాఖలో చైన్‌మన్. అక్షరాలూ, గొలుసు కొలతా, స్కేలు పట్టడమూ ఇంట్లో ఆయనే నేర్పారు. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టాను. ఈ ఉద్యోగం దేవుడు పెట్టిన అన్నమని నమ్మి, రోజూ దీపం వెలిగించాకే గడప దాటేదాన్ని. అందుకని చూడని నేల మీద సంతకానికి చెయ్యి వచ్చేది కాదు.

ఒక షీటులో పశువుల అండర్‌పాస్‌ను ఎర్ర సిరాతో కొట్టేశారు. మందలు రోడ్డు కింద నుంచి దాటడానికి కట్టే దారి అది. కొత్త రోడ్డుకు నడుమ డివైడరు, పక్కల కంచె వస్తాయి. ఆ దారి లేకపోతే జీవాలు అవతలికి పోలేవు. కొట్టెయ్యడానికి కారణం జతచేసిన కాగితంలో ఉంది. మూడు రోజులు మనిషిని కూర్చోబెట్టి దాటేవాటిని లెక్కించారట. గొర్లు, మేకలు: సున్నా.

మర్రిగూడ దిక్కున గొర్లు సున్నా అంటే, కాలువ నీళ్ల హుజూర్‌నగర్‌లో వరి సున్నా అన్నట్టే.

హద్దురాళ్లు చూసే జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కు ఆ అండర్‌పాస్ రావలసిన ఊరికి పోయాం. మేము, రెవెన్యూవాళ్లు, కన్సల్టెన్సీ తరఫున ఒక ఇంజనీరు. ఆయన కారు దిగలేదు. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, ఇక్కడ పశువుల రాకపోకలు లేవని ఉపగ్రహ చిత్రం కూడా చెబుతోందన్నాడు. ఖాళీ దొడ్డి ముందు ఉన్ని వడుకుతున్న కురుమ ముసలామె, పేరు కొమురమ్మ, ఆ మాట విన్నది. నన్ను దగ్గరికి రమ్మంది.

“గిప్పుడు లెక్కవెడితే ఏం దొరుకుతయి బిడ్డా? కోతలైనంక మా మందలు హుజూర్‌నగర్ దిక్కు పోయినయి. గాడ కోసిన మడులల్ల మేస్తున్నయి. మిరుగుల వాన పడితెనే ఇంటికొస్తయి. రోడ్డు అవుతల కుంట కనబడుతాంది సూడు, మా జీవాలకు గదే తాగుడు. ఈ బోరు నీళ్లు పోస్తె వాటి పండ్లు గూడ మావోలెనే అయితయి.”

ఆమె పళ్ల మీద ఆ ఫ్లోరైడు నీళ్ల మరకలున్నాయి. కుంటకు దారి మూస్తే ఆ మందలను అమ్ముకోవడమే గతి అని అప్పుడు తెలిసింది. ఆమె కారు వైపు తిరిగి ఇంకో మాట అడిగింది.

“మా ముసలోడు గూడ మందెంబడి పోయిండు. ఆయనను గూడ సున్నా అని రాసిండ్రా సారూ?”

రెవెన్యూవాళ్లు నవ్వారు. కారు అద్దం పైకి పోయింది.

మిరుగు, అంటే మృగశిర కార్తె, వానలు పడ్డాక మళ్లీ లెక్క తీయించాలని ఈఈ గారికి నోటు పెట్టాను. ఆయన పిలిపించి, అండర్‌పాస్ పెడితే అక్కడ రోడ్డు ఎత్తు లేపాలని, అంచనా మారుతుందని, ఫైలు వెనక్కి వస్తుందని ఓపికగా చెప్పారు. గొర్ల కోసం అభివృద్ధి ఆగుతుందా అమ్మా అన్నారు. గీతలు గీసేవాళ్లు గీతలు గీస్తే చాలని డీఈ గారు కలిపారు. ఇద్దరిలో ఎవరూ ఆ ఊరు చూసినవారు కారు.

సంతకం పెట్టనని అనే అధికారం నాకు లేదు. రిమార్కు రాసే అధికారం ఉంది. సంతకం పక్కన ఒక్క వాక్యం రాశాను: ‘లెక్క తీసిన నెలలో మందలు వలసలో ఉన్నవి, మిరుగు తరువాత మరల లెక్కించవలెను.’

వారు కొత్త ప్రింటు తీయించి, వేరే డ్రాఫ్ట్స్‌మన్‌తో సంతకం పెట్టించారు. నా షీటు మీద ‘రద్దు’ ముద్ర కొట్టారు. నన్ను రికార్డు గదికి మార్చారు. శిక్ష అనుకునే ఇచ్చారు. రద్దయిన షీట్లను పారెయ్యకుండా రికార్డు గదిలోనే భద్రపరచాలన్న నియమం అంత తెలివైనవారికి గుర్తు రాలేదు. నేను దేవుడికి దండం పెట్టుకుని, నా షీటును నా చేతులతోనే బీరువాలో పెట్టాను.

మరుసటి ఏడు మట్టికట్ట పని ఆ ఊరిదాకా వచ్చింది. మిరుగు కురిసింది. ఈఈ గారి పై అధికారి, ఎస్‌ఈ గారు, పని చూడటానికి వచ్చిన రోజే మందలూ వచ్చాయి. జీపులు, ఆ కన్సల్టెన్సీ ఇంజనీరు కారు గొర్ల నడుమ నిలిచిపోయాయి. హారన్లకు గొర్లు జరగవు. కొమురమ్మ భర్త బీరయ్య కారు అద్దం దగ్గరికి వంగి చెప్పిన మాట మా జీపు డ్రైవరు చాలా రోజులు అందరికీ వినిపించాడు.

“లెక్కవెట్టుకోండ్రి సారూ. ఫికర్ లేదు, మేం మెల్లగనే పోతం.”

ఎస్‌ఈ గారు ఆఫీసుకు వచ్చి, ఈ సున్నా ఎవరిదని అడిగారు. శాఖవారు సరిచూశారని కన్సల్టెన్సీ, కన్సల్టెన్సీ లెక్కే కదా అని శాఖ. రికార్డు తెప్పించమన్నారు. రద్దు షీటు తెచ్చి బల్ల మీద పరిచాను. ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు. మాకు ముందే అనుమానం ఉంది సార్ అన్నారు ఈఈ గారు. వారం తిరిగేసరికి ఆఫీసులో ముందే అనుమానించనివారు ఒక్కరూ మిగల్లేదు.

అండర్‌పాస్ కట్టారు. ఎత్తులో కక్కుర్తి పడ్డారు గనుక బీరయ్య వంగి దాటాలి. గొర్లు తలెత్తుకునే పోతాయి. టోల్ గేటు దగ్గర సార్ల విశ్రాంతి గదికి మాత్రం కప్పు బాగా ఎత్తుగా వచ్చింది.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే. ఏ లెక్క కిందైనా సంతకం పెట్టేముందు అది ఏ నెలలో తీశారో అడగాలి. కాగితం చెప్పదు, ఉపగ్రహం చెప్పదు. ఆ నెలలో ఊళ్లో మిగిలి ఉన్నవాళ్లు చెబుతారు. దానికి కారు దిగాలి.