నిమ్మకాయలు తొక్కి రొయ్యల గుంటలోకి

చనిపోయిన మా మామగారి అంబాసిడర్ కారుకు కొత్త ఇంజను పెట్టిద్దామని మా మరిది, పాతదే ఉండాలని మావారు ఏడాదిపాటు కొట్లాడుకున్నారు. చివరికి రాజీ పడ్డారు. ఇంజను కొత్తది, బ్రేకులతో సహా మిగతావన్నీ నాయన జ్ఞాపకంగా పాతవే!

కృష్ణపట్నం దగ్గర మా రొయ్యల గుంట గట్టున పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. హారతి పళ్లెంతో నేను వెనక సీట్లో కూర్చున్నాను. మావారు స్టార్ట్ చేయగానే కారు నిమ్మకాయల్ని తొక్కి, బ్రేకు ఎంత నొక్కినా ఆగకుండా గుంటలోకి దిగింది.

మావారూ నేనూ ఎలాగో కారులోంచి బయటపడి నడుం లోతు నీళ్లలో నిలబడ్డాం.

"ఇంజను లాగుడు చూసినావా అన్నా!" అని గట్టు మీద మరిది మురిసిపోయాడు.

"నీ ఇంజనే ముంచిందిరా. నాయన బ్రేకుల్ని ఏమీ అనబాక!" అన్నారు మావారు.

మామగారే ఉంటే ముందు ఆ బ్రేకులే మార్పించేవారు. ఆయన కారు నడిపిన మనిషి. వీళ్లు కారుకు హారతిచ్చే కొడుకులు.