లాండ్‌మాస్టరును గుర్తుపట్టిన మా అత్త

మా మేనత్త పోయిన వారం విజయనగరంలో కన్నుమూసింది. పాత కార్ల మీద ఇష్టం ఉన్న మా బృందానికి నేనే ఫోన్లు చేసి చెప్పాను. శ్రీకాకుళంలో ఉండే మిత్రుడు, "ఇంక మన బండ్లు ఎవలికి సూపిస్తామురా?" అన్నాడు.

అత్త ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైంది. కారు నడపడం రాదు. కానీ పాత బండి కనిపిస్తే చుట్టూ తిరిగి, బొమ్మ గీసేముందు చూసినట్టు దాని ఒంపులన్నీ చూసేది. నేను పేరు చెప్పబోతే, "ముందు సూడరా, పేరెక్కడికీ పోదు" అనేది.

ఒకసారి బొబ్బిలి దగ్గర ఒక మిల్లు షెడ్డులో పాత కారు ఉందని తెలిసి మా బృందంవాళ్ళం అత్తతో కలిసి వెళ్ళాం. మిల్లు యజమాని మమ్మల్ని చూసి, "పాత అంబాసిడరు. రేపు తుక్కుకి ఇచ్చేస్తన్నాను" అన్నాడు.

అత్త బండి వెనక్కి వెళ్ళి దుమ్ము తుడిచి, ఆయన్ని పిలిచింది. "ఇలా రా నాయనా. అంబాసిడరుకి ఇక్కడ రెక్కల్లాగ లేస్తాది. దీనికి గుండ్రంగా జారిపోనాది, సూడు. ఇది లాండ్‌మాస్టరు. అంబాసిడరు కన్నా ముందుది."

మేమంతా ఒక్కసారిగా మాట్లాడబోయాం. "ఉండండర్రా," అని మమ్మల్ని ఆపి, "ఇందులో ఎవలెక్కీవోరు?" అని ఆయన్ని అడిగింది.

జవాబు ఆయన తల్లి నుంచి వచ్చింది. మా మాటలు విని ఆవిడ పక్కనున్న ఇంట్లోంచి నెమ్మదిగా నడిచి వచ్చింది. "నన్ను ఈ ఊరు తెచ్చింది ఇందులోనే తల్లీ. కొత్త పెళ్ళికూతుర్ని."

అత్త తన పొందూరు ఖద్దరు చీర కొంగుతో వెనక సీటు తుడిచి, ఆవిడను కూర్చోబెట్టి, పక్కనే తానూ కూర్చుంది. ఆవిడ కారు తలుపును తడుముతూ, "ఆయన అటుపక్క, నేనిటుపక్క. దారంతా ఒక్క మాట ఆడలేదు. సిగ్గు" అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ సంగతి కొడుక్కి అప్పటిదాకా తెలియదట. షెడ్డు గుమ్మంలోకి వెళ్ళి, తుక్కు కొనేవాడికి ఫోన్ చేశాడు. "రేపు రావద్దు. బండి ఇవ్వట్లేదు."

తిరిగొస్తూ గజపతినగరంలో టీ తాగుతున్నప్పుడు అడిగాను. "ఎంత అరుదైన బండో గట్టిగా సెప్పలేదేటత్తా?"

"అరుదు మనకిరా. ఆల్లకది ఇంటి బండి. ఉంచుకోవాలని ఆల్లకే అనిపించాల."

మరుసటి ఏడాది ఆ బండి మళ్ళీ రోడ్డెక్కింది. అప్పటిదాకా మోడళ్ళ పేర్లు పోగుచేసుకోవడమే ప్రేమ అనుకున్నాను. ఆ బండ్లలో ఎక్కి తిరిగిన మనుషుల్ని నాకు చూపించింది అత్తే.

నిరుడు విజయనగరంలో మా పాత కార్ల ప్రదర్శనకు చివరిసారి వచ్చింది. మధ్యాహ్నానికి అలసిపోయి, ఒక హెరాల్డ్ కారు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నిద్రపోయింది. కళ్ళజోడు ఒళ్ళోకి జారింది. చుట్టూ అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఎండ జరుగుతున్నకొద్దీ, మాలో ఎవరో ఒకరు వెళ్ళి ఆమె మీదకు గొడుగు జరుపుతూనే ఉన్నారు.